వైస్ చాన్సలర్ గారికి హాస్టల్ వంటమనిషి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైస్ చాన్సలర్ గారికి నమస్కారం.

నేను మీ యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో తొమ్మిదేళ్లుగా వంట చేస్తున్నాను. మాది దేవరకొండ దగ్గరి పల్లె. మూడుసార్లు దరఖాస్తు ఇచ్చినా జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

వంటగదిలో పొగ లాగే ఫ్యాన్ పాడై ఏడాది దాటింది. ఎండాకాలం ఆ ఆవిరిలో నిలబడితే కళ్లు తిరుగుతాయి. మొన్న గంజి వంచుతుంటే గుండిగ జారి, నాతో పనిచేసే అక్క కాలు మోకాలి దాకా కాలింది. హాస్టల్ పిల్లలే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈఎస్ఐ కార్డు లేక ఆమె చెవి కమ్మలు కుదువ పెట్టింది. ఆ రోజు కూడా మధ్యాహ్నం భోజనం ఆగలేదు సార్. పిల్లలకు పరీక్షలున్నాయి, ఎట్లా ఆపుతాం?

మా జీతంలో 12 శాతం పీఎఫ్ కింద కోస్తున్నారు, ఖాతాలో మాత్రం జమ కావడం లేదు. కాంట్రాక్టర్‌ను అడిగితే ఆఫీసుకు వెళ్లమంటారు. కాంట్రాక్టర్ కట్టకపోతే ఆ బాధ్యత పని చేయించుకునే సంస్థదేనని చట్టమే చెబుతోంది.

ఈ నెలాఖరులోగా ఫ్యాన్ బాగు చేయించండి. మా పీఎఫ్ బాకీ జమ చేయించి, అందరికీ ఈఎస్ఐ కార్డులు ఇప్పించండి. అక్క వైద్యం ఖర్చు యూనివర్సిటీ భరించాలి. అంతకుముందు ఒక్కసారి మధ్యాహ్నం పన్నెండింటికి మా వంటగదికి రండి సార్.

ఇట్లు,
మీ హాస్టల్ వంటమనిషి