తక్కువ కోట్ చేసినవాడికే క్లెయిములా?

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవను రూ.2.5 లక్షల వరకు బీమా కంపెనీల ద్వారా, ఆపైన రూ.25 లక్షల వరకు ప్రభుత్వ ట్రస్టు ద్వారా నడపాలని 2025 సెప్టెంబరులో మంత్రివర్గం నిర్ణయించింది. అంటే చిన్న క్లెయిములను చూసేదెవరో టెండర్లే తేలుస్తాయి. బయటివాళ్లకు ఇవ్వడం మీద నాకు పేచీ లేదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది కూడా బీమా కంపెనీతోనే. నా భయమల్లా ఎల్-1 పద్ధతి గురించి, అంటే అందరికన్నా తక్కువ ధర కోట్ చేసినవాడికే పని ఇచ్చే పద్ధతి గురించి.

తక్కువకు కోట్ చేసి పని దక్కించుకున్న సంస్థ ఆ తగ్గించిన డబ్బును ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా. ముందుగా కోత పడేది డాక్టర్ల జీతాల మీద. గుండెకు స్టెంట్ అవసరమా కాదా అన్నది యాంజియోగ్రామ్ చూడటం వచ్చినవాళ్లే చెప్పగలరు. అంతటి స్పెషలిస్టు ఖరీదు. చెక్‌లిస్టు చూసి టిక్కులు పెట్టే కుర్రాడు చవక. ఆ కుర్రాడు అక్కర్లేని స్టెంట్‌ను పట్టుకోలేడు గానీ, డిస్చార్జ్ సమ్మరీలో సంతకం లేదనో, ఫొటో మసకగా ఉందనో నిజమైన క్లెయిమ్‌ను మాత్రం కొట్టేస్తాడు. బీమా కంపెనీ అయితే కొట్టేసిన ప్రతి రూపాయీ దానికే మిగులుతుంది. ఆసుపత్రి ఆ నష్టాన్ని ఊరికే భరిస్తుందా? తర్వాత కార్డు పట్టుకొచ్చిన పేషంటుకు బెడ్లు ఖాళీ లేవని చెబుతుంది.

దొంగ క్లెయిములు లేవని కాదు. అప్పటికే చనిపోయినట్టు నమోదైన రోగుల పేరిట చికిత్సల క్లెయిములు చెల్లించారని ఆయుష్మాన్ భారత్‌పై 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక చెప్పింది. అలాంటివి ఆపాలంటే చవక సిబ్బందితో అయ్యే పని కాదు.

ధరతో పాటు నాణ్యత కూడా చూసి పని ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవంటారేమో. కన్సల్టెన్సీ కాని సేవల్లో కూడా, అవసరమైన చోట, నాణ్యతకు 30 శాతం దాకా మార్కులు ఇవ్వొచ్చని 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖే చెప్పింది. ఆ దారిని రాష్ట్రం కూడా పట్టొచ్చు. నన్నడిగితే 30 శాతం కూడా తక్కువే.

ఇక గడువు సంగతి. ఆయుష్మాన్ భారత్ నిబంధనల ప్రకారం రాష్ట్రంలోని ఆసుపత్రికి 15 రోజుల్లో, వేరే రాష్ట్రంలోని ఆసుపత్రికైతే 30 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యానికి జరిమానా అని ఎంత గట్టిగా రాసుకున్నా, పద్నాలుగో రోజున ఒక క్వెరీ పెట్టి గడువును సాగదీసే వీలుంటే ఆ షరతు కాగితం మీదే ఉంటుంది. అడగాల్సినవన్నీ ఒకేసారి, మొదటి వారంలోనే అడగాలని టెండర్ పత్రంలో ఉండాలి. (ప్రభుత్వమే బకాయిలు పెడితే క్లెయిములు చూసే ఏ ఏజెన్సీ మాత్రం ఏం చేస్తుంది? 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు ఆపేశాయి. ఆ జబ్బుకు టెండర్లలో మందు లేదు.)

బీమా కంపెనీకి హద్దు దాటి మిగులు ఉంటే దాన్ని రాష్ట్రానికి తిరిగి ఇవ్వాలనే షరతు ఆయుష్మాన్ భారత్ మార్గదర్శకాల్లో ఉంది. దానికి తోడు ఇంకొకటి కావాలి. కొట్టేసిన క్లెయిముపై అప్పీలుకు వెళ్లి ఆసుపత్రి గెలిస్తే, ఆ క్లెయిముకు రావాల్సిన ఫీజు ఏజెన్సీకి ఇవ్వకూడదు, పైగా జరిమానా వేయాలి. ఆ అప్పీలు వినేది ఏజెన్సీ మనుషులు కాకుండా ట్రస్టు డాక్టర్లు అయి ఉండాలి. ఏ సంస్థ ఎన్ని క్లెయిములు కొట్టేసింది, అందులో ఎన్ని అప్పీలులో తిరగబడ్డాయి అన్న లెక్కను జిల్లాలవారీగా ప్రతి మూడు నెలలకూ ట్రస్టు వెబ్‌సైట్‌లో పెట్టాలి. మళ్లీ టెండర్ పిలిచినప్పుడు ఆ లెక్కకూ మార్కులు ఉండాలి.

– ఒక విశ్రాంత ఉద్యోగి