రామప్ప ఇటుక తేలడానికి అసలు కారణం

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మా మనవడిని పాలంపేట రామప్ప గుడికి తీసుకెళ్లాం, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయని అక్కడ అందరూ చెప్పుకుంటారు, అది నిజమే. ఎందుకు తేలుతాయని వాడు అడిగితే పక్కనున్న పెద్దాయన ఒకరు "బరువు ఉండదు బాబూ అందుకే" అన్నారు, ఇంకొకరు దేవుడి మహిమ అన్నారు. వాడు ఇంటికొచ్చి బకెట్లో గోళీ వేశాడు, పీచు తీయని కొబ్బరికాయ వేశాడు. కాయ తేలింది, గోళీ మునిగింది. "అమ్మమ్మా, గోళీయే కదా తేలిక?" అన్నాడు.

వాడి ప్రశ్న సరైనదండి. బరువు ఒక్కటే చూస్తే లెక్క తేలదు, ఆ బరువు ఎంత చోటులో ఉందో చూడాలి. 5 గ్రాముల గోళీ 2 సీసీల (ఘన సెంటీమీటర్ల) నీళ్లనే పక్కకి జరుపుతుంది, ఆ నీళ్ల బరువు 2 గ్రాములే, జరిగిన నీళ్ల బరువెంతో అంత మేరకే నీళ్లు దాన్ని పైకి నెడతాయి, ఇక మునగక ఏం చేస్తుంది. అదే 1000 సీసీల ఇటుక 900 గ్రాములు ఉందనుకోండి, పదింట తొమ్మిది వంతులు మునిగేసరికి 900 గ్రాముల నీళ్లు జరిగిపోయి ఉంటాయి, అక్కడితో సరిసమానం, ఆగిపోతుంది.

మామూలు ఇటుకలో కూడా రంధ్రాలుంటాయి కదా అంటారేమో. మేస్త్రీలు గోడ కట్టే ముందు ఇటుకలు నీళ్లలో వేస్తే బుడబుడా బుడగలు రావడం అందరం చూశాం, లోపలి గాలి పోయి నీళ్లు దూరుతున్నాయి. అసలు ఆ మట్టే నీళ్ల కన్నా చిక్కన, కాబట్టి అడుగుకి పోతుంది. రామప్ప ఇటుకకి మట్టిలో ఊక, రంపపుపొట్టు లాంటివి కలిపి కాల్చారంటారు, అవి కాలిపోయిన చోట గాలి మిగులుతుంది, ఆ గాలి లోపలే ఉన్నంతసేపే తేలడం. అయినా వాళ్లు దీన్ని నీళ్లలో వేయడానికా చేసింది, పైకప్పు మీద భారం తగ్గించడానికి! ఆ తెలివికే నాకు దండం పెట్టాలనిపిస్తుంది, మహిమ అనేసి వదిలేస్తే ఆ పనివాళ్లకి దక్కాల్సిన పేరు దక్కదు.

మా నాన్న వడ్ల విత్తనం చూడ్డానికి నీళ్లలో ఉప్పు కలిపేవాడు, కోడిగుడ్డు పైకి తేలేదాకా. గుడ్డు అదే, నీళ్లే చిక్కబడ్డాయి. అందులో వడ్లు పోస్తే తాలు పైకొచ్చేది, గట్టి గింజ అడుగున నిలిచేది.

మీ పిల్లల పేజీలో ఈ గోళీ, కొబ్బరికాయ, ఉప్పునీళ్ల గుడ్డు, మూడూ బొమ్మలతో వేయండి సార్, బడులవాళ్లు పిల్లల్ని రామప్పకి తీసుకెళ్లే ముందే వేస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ