టోంగరీరో నడక: ఫొటోలతో పాటు జాగ్రత్తలూ అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు, జనవరి వస్తే న్యూజిలాండ్‌లో ఉన్న మా ఇళ్లకు ఊరి నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వస్తారు. ఇక్కడ అది ఎండాకాలం. చూడాల్సిన చోట్లలో టోంగరీరో ఆల్పైన్ క్రాసింగ్ పేరు తప్పకుండా ఉంటుంది. టోంగరీరో అనే అగ్నిపర్వతం మీదుగా సాగే కొండ నడకదారి అది. పర్యాటక పేజీల్లోనూ యూట్యూబ్‌లోనూ దాని గురించి కనిపించేదల్లా పచ్చల రంగు సరస్సుల ఫొటోలు. ఆ సరస్సుల దాకా వెళ్లి క్షేమంగా దిగి రావడానికి ఏం కావాలో తెలుగులో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ ఉత్తరం.

ఇది 20 కిలోమీటర్ల పైచిలుకు దారి. మాంగటెపోపో దగ్గర మొదలై కెటెటాహి వైపు దిగుతుంది. నడవడం వచ్చినవాళ్లకే ఏడెనిమిది గంటలు పడుతుంది. "అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లం, ఇదెంత?" అని మనవాళ్లు అనడం చాలాసార్లు విన్నాను. అలిపిరి దారిలో పైన కప్పు ఉంది, అడుగడుగునా మంచినీళ్లున్నాయి, ఓపిక లేకపోతే కూర్చోవడానికి చోటుంది. ఇక్కడ దారి పొడవునా తాగే నీళ్లు దొరకవు, చివర అడవి తగిలేదాకా ఒక్క చెట్టు నీడ ఉండదు, ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవడానికి లేదు. సగం దూరం వెళ్లాక వెనక్కి వచ్చినా, ముందుకు వెళ్లినా అంతే దూరం.

ఎక్కడం కంటే దిగడమే కష్టమని ముందే తెలియాలి. 1,886 మీటర్ల ఎత్తున ఉన్న రెడ్ క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం అంచు ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు. అక్కడ నేల సందుల్లోంచి ఆవిరి వస్తుంది, గంధకం వాసన ముక్కుకు తగులుతుంది. సరస్సుల వైపు దిగే వాలంతా వదులు కంకర. అడుగు వేస్తే చీలమండ దాకా దిగబడి, కాలు కిందికి జారుతుంది. మడమ ముందు ఆనించి, మోకాళ్లు కొంచెం వంచి నిదానంగా దిగాలి. పల్చటి అడుగున్న వాకింగ్ షూతో వచ్చినవాళ్లు అక్కడ కూర్చుని జారుతూ దిగడం చూశాను. లావా రాయి చేతికి గీరుకుంటే తోలు లేచిపోతుంది. రెడ్ క్రేటర్ నుంచి కెటెటాహి దాకా మొత్తం 1,100 మీటర్లకు పైగా దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అసలు పరీక్ష అక్కడే.

వాతావరణం మరో సంగతి. ఆక్లండ్‌లో చొక్కాతో తిరిగే రోజే పైన గాలికి వేళ్లు కొంకర్లు పోవచ్చు. మబ్బు కమ్మితే ముందున్న మనిషి కనపడడు. అందుకని ఎండాకాలమైనా వానకోటు, ఉన్ని టోపీ, గ్లౌజులు, తలా రెండు లీటర్లకు తగ్గకుండా నీళ్లు, తిండి, టార్చి ఉండాలి. మంచుకాలంలో అయితే ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), క్రాంపాన్స్ (బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్లు) వాడటం తెలియనివాళ్లు గైడ్ లేకుండా పోకూడదు.

అగ్నిపర్వతం అన్న మాట అలంకారానికి అన్నది కాదు. 2012 ఆగస్టు 6 రాత్రి ఈ కొండ మీదే ఉన్న టె మారి బిలం పేలినప్పుడు రాళ్లు ఎగిరిపడి, నడిచేవాళ్ల కోసం కట్టిన కెటెటాహి గుడిసె కప్పు చిల్లులు పడింది. అదృష్టవశాత్తూ ఆ రాత్రి అందులో ఎవరూ లేరు. అదే ఏడాది నవంబరు 21న మళ్లీ పేలింది, ఈసారి పట్టపగలు, నడిచేవాళ్లు కొండ మీద ఉండగానే. దారి మొత్తం తిరిగి తెరుచుకునేసరికి 2013 మే అయింది. అగ్నిపర్వతాలను గమనించే జియోనెట్ సంస్థ వెబ్‌సైట్‌లో ఈ పర్వతం హెచ్చరిక స్థాయి ఎప్పుడూ ఉంటుంది. బయలుదేరే ముందు దాన్నీ, కొండ మీది వాతావరణ సూచననూ చూసుకోవడం రెండు నిమిషాల పని.

నా అసలు బాధ మన ప్లానింగ్ గురించి. శుక్రవారం రాత్రి ఆఫీసు అయ్యాక నాలుగైదు గంటలు కారు నడిపి, నిద్ర లేకుండా తెల్లవారి నడక మొదలుపెట్టి, సాయంత్రం మళ్లీ కారెక్కి వచ్చేయాలి అన్నట్టు వేసుకుంటున్నారు. అలా ఒక్క రోజే చేతిలో ఉంటే, గాలి హోరున వీస్తున్నా "ఇంత దూరం వచ్చాం, మళ్లీ ఎప్పుడొస్తామో" అనే మాటే గెలుస్తుంది. రెండు రోజులు చేతిలో పెట్టుకుని రండి. సీజనులో మాంగటెపోపో దగ్గర నాలుగు గంటలకు మించి కారు ఆపనివ్వరు కాబట్టి, కారు కెటెటాహి వైపు పార్కింగ్‌లో పెట్టి, పొద్దున షటిల్ బస్సులో మొదటికి వెళ్లడం మంచిది. అప్పుడు నడిచి మన కారు దగ్గరికే వస్తాం, ఆఖరి బస్సు పోతుందన్న టెన్షన్ ఉండదు. వాతావరణం బాగాలేదని షటిల్ వాళ్లు రద్దు చేస్తే వాళ్లతో వాదించకండి.

ఇంకొక మాట. ఇక్కడి మూలవాసులైన మావోరీలకు ఈ శిఖరాలు పూర్వీకులు. 1887లో న్గాటి టూఫరెటోవా తెగ పెద్ద హొరోనుకు టె హెవుహెవు వీటిని దేశానికి అప్పగించడం వల్లే న్యూజిలాండ్‌లో తొలి నేషనల్ పార్క్ ఏర్పడింది. న్గౌరుహోయె శిఖరం ఎక్కవద్దనీ, సరస్సుల నీళ్లు తాకవద్దనీ, బ్లూ లేక్ ఒడ్డున తినడం, తాగడం చేయవద్దనీ వాళ్లు కోరుతున్నారు. గర్భగుడి ముందు చెప్పులు విడిచే మనకు ఇది విడమరిచి చెప్పాలా? అయినా ఆ ఒడ్డునే పులిహోర డబ్బాలు విప్పడం చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. తెలిసి చేస్తారని నేననుకోను, చెప్పినవాళ్లు లేక చేస్తున్నారు.

నడక కుదరనివాళ్లు నిరాశపడక్కర్లేదు. ఫకపాపా గ్రామం నుంచి టరనాకీ జలపాతం దాకా వెళ్లి వచ్చే దారి రెండు గంటలే. లావా అంచు మీద నుంచి నీళ్లు పడటం, ఎదురుగా పర్వతాలు, అన్నీ కనిపిస్తాయి. బస్సు మాట్లాడుకుని నలభై మందిని తీసుకొచ్చే మన తెలుగు సంఘాలు పెద్దవాళ్లను అటు పంపించి, నడవగలిగినవాళ్లను మాత్రమే కొండకు తీసుకెళ్లాలి. గుంపులో అందరికన్నా వెనక నడిచే మనిషిని ముందే నిర్ణయించుకోవాలి. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో కూడా కిందే తేల్చుకోవాలి.

మీ పత్రికలో ఈసారి టోంగరీరో ఫొటో వేసినప్పుడు పక్కన చిన్న బాక్సు కట్టి దూరం, పట్టే సమయం, తీసుకెళ్లాల్సినవి, మావోరీల కోరిక అచ్చు వేయాలని మనవి. ఇక్కడికి రావాలనుకునేవాళ్లకు టికెట్లు కొనకముందే అది కంటపడితే చాలు.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకురాలు, ఆక్లండ్