నో కాస్ట్ ఈఎంఐ లెక్క

చి. బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

సేల్‌లో ₹30,000 ఫోను ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐకి వస్తోంది, తీసుకోనా అని అడిగావు. వద్దనను. ముందు లెక్క చూడు.

నెలకు ₹5,000 చొప్పున ఆరు వాయిదాలు. ధరకు సరిగ్గా సరిపోయింది కాబట్టి వడ్డీ లేదనిపిస్తుంది. బ్యాంకు వడ్డీ ఎక్కడ వదులుకుంటుందే! ఏడాదికి 15 శాతం అనుకుంటే ఆ ఆరు నెలలకు సుమారు ₹1,270 అవుతుంది. అంత మేరకు ధర తగ్గించినట్టు చూపించి, అప్పు ₹28,730గా రాసుకుని, ఆ తగ్గించిందే వడ్డీగా వసూలు చేస్తారు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ₹229 దాకా, నువ్వే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు ₹199 ఉంటే జీఎస్టీతో కలిపి ₹235. మొత్తం ₹464. సున్నా వడ్డీ పథకాల్లో వడ్డీని ఇలా వేరే పేర్లతో లాగుతున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే తప్పుపట్టింది. పేరు మార్చుకుని మళ్ళీ వచ్చారు.

నాలుగొందలకేనా ఇంత గొడవ అంటావు. అసలు దెబ్బ అది కాదులే. క్రెడిట్ కార్డు లిమిట్‌లో ఫోను ధరంతా ముందే ఇరుక్కుపోతుంది. ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టలేక మినిమం డ్యూతో, అంటే బ్యాంకు కనీసంగా అడిగే మొత్తంతో సరిపెట్టావా, మిగిలినదాని మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ. ఆ తర్వాత అదే కార్డు మీద కొన్న కిరాణా సరుకులకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. మధ్యలో తీర్చేద్దామంటే ఫోర్‌క్లోజర్ ఫీజు.

డబ్బు కట్టే పేజీలో నువ్వు అడగని ప్రొటెక్షన్ ప్లాన్‌కి టిక్ పెట్టి ఉందేమో చూడు. "రెండే మిగిలాయి", "పది నిమిషాల్లో ఆఫర్ బంద్" అన్నవి అబద్ధమైతే చట్టం ఒప్పుకోదు. 2023 నవంబరులో కేంద్రం నిషేధించిన పదమూడు డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే కొనేవాళ్ళని మాయ చేసే ఆన్‌లైన్ ఎత్తుగడల్లో, ఇవీ ఉన్నాయి. స్క్రీన్‌షాట్ తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు.

ఇంతకీ చేతిలో ఉన్న ఫోనుకేం వచ్చింది? మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతుంటే బ్యాటరీ మార్పించు. అది కాకుండా, యాడ్ చూశాక పాతది చిన్నతనంగా అనిపిస్తుంటే మాత్రం ఆ యాడ్ తన పని తాను చేసేసిందన్నమాట. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. ఏళ్ల తరబడి దాని ప్రకటనల్లో అమ్మాయి రంగు తేలగానే ఉద్యోగమో సంబంధమో కుదిరేది. క్రీములో ఏముందో చెప్పింది తక్కువ, చామనఛాయ ఒక లోటని నూరిపోసింది ఎక్కువ. 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేశారు గానీ, ఒంటి రంగు చూసుకుని కుమిలిపోయిన పిల్లల మాటేమిటి?

ఆ ఫోను యాడ్‌ని ఒకసారి సౌండ్ ఆపి చూడు. స్నేహితులు, సముద్రం, నవ్వులు కనిపిస్తాయి. వాటిలో ఏదీ ఆ డబ్బాలో రాదు. అవి లేకే వెలితిగా ఉంటే శనివారం రాత్రి బస్సెక్కి ఇంటికి రా, నీ స్నేహితురాళ్లనీ తీసుకురా.

జీతం పడ్డాక కూడా ఫోను కావాలనే ఉంటే ఈఎంఐ ధర, ఒకేసారి కట్టే ధర పక్కపక్కన పెట్టి చూడు. ఒక్కోసారి కార్డు డిస్కౌంటు ఒకేసారి కట్టేవాళ్ళకే ఎక్కువ ఉంటుంది. ఆర్డర్ నొక్కేముందు ఆ చివరి పేజీ నాన్నకు వాట్సాప్ చెయ్యి.

అమ్మ