మంత్రిగారూ, ఆ కమిటీని ఒక్కసారి కూర్చోబెట్టండి

పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

అయ్యా,

శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న పట్టణంలో జిరాక్స్ షాపు నడుపుకుంటున్నాను. మున్సిపల్ ఆఫీసు దగ్గర్లోనే ఉండటంతో లోపలికి వెళ్లే కాగితాల్లో చాలావరకు ముందు నా కౌంటర్ మీదికే వస్తాయి. ట్రేడ్ లైసెన్స్ దరఖాస్తులు, ఇంటిపన్ను రసీదులు, పొదుపు సంఘాల తీర్మానాలు, తోపుడు బండ్ల వాళ్ల అర్జీలు. రాయడం రానివాళ్లకి అర్జీ నేనే రాసిపెడతాను. ఊరి పేరు రాయడం లేదు, ఎవరి ఉద్యోగం మీదికీ తేవాలని నాకు లేదు. ఒక్క మా ఊరితో తేలిపోయే సంగతైతే కమిషనర్ గారికే చెప్పుకునేవాణ్ణి. వీధి వ్యాపారులు కూడా సభ్యులుగా కూర్చోవాల్సిన పట్టణ వెండింగ్ కమిటీ గురించే ఈ ఉత్తరం.

పోయిన వేసవిలో ఒక సంత రోజు జరిగింది చెబుతాను. మా బజారులో కూరగాయలు అమ్మే ఒకావిడ ఉంది. అందరం అప్పా అనే పిలుస్తాం. పల్లె నుంచి మొదటి బస్సుకి రెండు గంపలతో దిగుతుంది. ఒకదాంట్లో బెండకాయలు, వంకాయలు, రెండు మూడు ఆనపకాయలు. ఇంకోదాంట్లో గోంగూర, తోటకూర కట్టలు, పైన తడి గోనెసంచి. ఆ రోజు ఏడింటికి ఆశీలు, అంటే సంతలో కూర్చున్నందుకు కట్టే రుసుము, వసూలు చేసే మనిషి వచ్చి డబ్బు తీసుకుని చీటీ ఇచ్చాడు. పది దాటాక మున్సిపాలిటీ ట్రాక్టర్ వచ్చింది. ట్రాఫిక్‌కి అడ్డమన్నారు. గంపలు, కాటా, తూకం రాళ్లు అన్నీ ఎక్కించుకుని వెళ్లిపోయారు. ఆవిడ నా షాపుకి వచ్చేసరికి ఆ ఆశీలు చీటీ ఇంకా రొండిలోనే ఉంది. చెమటకి తడిసి మెత్తబడిపోయింది. దాన్ని విప్పి కౌంటర్ మీద పెట్టి, అరచేత్తో సాఫు చేసి, "డబ్బులు కట్టాను కదా బాబూ, మరేటి తప్పు చేశాను?" అని అడిగింది.

అర్జీ రాసిచ్చాను. నాలుగు రోజులు తిరిగింది. సారు లేరు, సైటుకి వెళ్లారు, రేపు రా. ఆ నాలుగు రోజులూ బస్సు చార్జీలు పెట్టుకుని ఉత్త చేతులతో వచ్చి వెళ్లింది. ఐదో రోజు కాటా ఇచ్చారు, అరకిలో రాయి లేదు. కూరలు ఏమయ్యాయో అడగనేలేదు. వేసవిలో గోంగూర ఐదు రోజులు ఎలా ఉంటుందో ఆవిడకి ఒకరు చెప్పాలా?

మంత్రిగారూ, ఆవిడ కోసం చట్టం ఉంది. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం, 2014. సరుకు స్వాధీనం చేసుకుంటే ఏమేం తీసుకున్నారో అక్కడే జాబితా రాసివ్వాలని 19వ సెక్షన్ చెబుతోంది. రుసుము కట్టాక పాడైపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పని దినాల్లో తిరిగివ్వాలి. ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అసలు వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, వాళ్లకి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని మూడో సెక్షన్‌లోనే ఉంది. ఈ పేజీలు ప్రింట్ తీసి అప్పకి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "ఇది ఆళ్లకి తెలీదా బాబూ?" అంది.

తెలుసో తెలియదో నేను చెప్పలేకపోయాను. ఒకటి మాత్రం చెప్పగలను. తెలియజెప్పడానికి ఒక చోటు ఉంది, అదీ ఆ చట్టంలోనే ఉంది. పట్టణ వెండింగ్ కమిటీ. దానికి కమిషనరే చైర్మన్. సభ్యుల్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లని వ్యాపారులే ఓట్లేసి ఎన్నుకోవాలి. అందులో మూడో వంతు ఆడవాళ్లు. స్వచ్ఛంద సంస్థలకీ స్థానిక సంఘాలకీ కనీసం 10 శాతం. ట్రాఫిక్ పోలీసులు, వర్తక సంఘం, బ్యాంకు వాళ్లు కూడా అదే బల్ల దగ్గర కూర్చోవాలి. చిన్న వ్యాపారి, పొదుపు సంఘం, ఊరి కుర్రాళ్లు అధికారులతో సమానంగా కుర్చీ వేసుకుని కూర్చునే చోటు మున్సిపాలిటీలో ఇంకోటి నాకు కనిపించలేదు. మా ఊళ్లో ఆ కమిటీ కాగితం మీద ఉంది. బజారులో తిరిగి అడిగాను, అందులో మన మనిషి ఎవరని. ఒక్కరూ పేరు చెప్పలేకపోయారు.

శ్రీకాకుళం నగరం సంగతే చూడండి. 2021 మార్చిలో రాష్ట్రంలో చాలా చోట్ల మున్సిపల్ ఎన్నికలు జరిగినా అక్కడ జరగలేదు. కౌన్సిలరు లేని చోట తోపుడు బండి మనిషి తన గోడు ఎవరికి చెప్పుకోవాలి? అలాంటి ఊళ్లకి ఈ కమిటీ మరీ అవసరం.

ఇది కుర్చీల కోసం అడుగుతున్నది కాదు, డబ్బుతో ముడిపడిన సంగతి. 2020 జూన్‌లో కేంద్రం వీధి వ్యాపారులకి అప్పులిచ్చే పీఎం స్వనిధి పథకం మొదలుపెట్టింది. మొదటి విడత పది వేలు, అది తీర్చితే ఇరవై, అదీ తీర్చితే యాభై. 2025లో మొదటి రెండు విడతలనీ పదిహేను, పాతిక వేలకి పెంచారు. సకాలంలో కడితే ఏడాదికి 7 శాతం చొప్పున వడ్డీ రాయితీ తిరిగి ఖాతాలో పడుతుంది. బ్యాంకు ముందు అడిగేది మున్సిపాలిటీ ఇచ్చిన సర్టిఫికెట్టో గుర్తింపు కార్డో, అవి లేకపోతే సిఫారసు లేఖ. సర్వేలో పేరు తప్పిపోయినవాళ్లకి ఆ కాగితం కోసం తిరగడమే పని. ఈలోగా సరుకు ఆగదు కదా. డైలీ ఫైనాన్స్ వాళ్లు తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేసుకుంటారు. వానొచ్చి బేరం లేని రోజు కూడా ఆ వంద కట్టాల్సిందే. సాయంత్రం బండి మనిషి మన దగ్గర దిగజార్చి బేరం చేస్తున్నాడంటే చాలాసార్లు ఆ వంద టెన్షనే.

చట్టం ప్రకారం ఆ సర్వే కనీసం ఐదేళ్లకి ఒకసారి చెయ్యాలి. పట్టణ జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకి చోటు చూపించాలి. నలభై వేల జనాభా ఉన్న ఊళ్లో వెయ్యి మంది అన్నమాట. యాభై ఏళ్లు దాటి నడుస్తున్న బజారునైతే వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలనీ, అక్కడివాళ్లని కదపకూడదనీ ఆ చట్టం షెడ్యూల్‌లో రాశారు. మా సంత అంతకంటే పాతదని మా తాతల నాటి మాట. ఊరి బయట రేకుల షెడ్డు వేసి అక్కడికి పొమ్మంటే, మొదటి బస్సుకి దిగే మనుషులు గంపలతో అంత దూరం ఎలా నడుస్తారో, కొనేవాళ్లు అక్కడిదాకా ఎందుకొస్తారో కమిటీలో అప్పలాంటి మనిషి ఒకరుంటే మొదటి రోజే చెప్పేస్తుంది.

ఇక మా కుర్రాళ్ల గురించి. వాలంటీర్లు అంటే ఈ మధ్య అందరికీ జీతం తీసుకున్న ప్రభుత్వ వాలంటీర్లే గుర్తొస్తారు. నేను చెప్పేది వాళ్ల గురించి కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ మర్నాడు మా ఊరి నుంచి పాతికమంది కుర్రాళ్లు కలప అడితిలో రంపాలు అడిగి తీసుకుని, రెండు ఆటోల్లో మంచినీళ్ల క్యాన్లు వేసుకుని బయల్దేరారు. దారిలో పడ్డ చెట్టునల్లా కోసి పక్కకి లాగుకుంటూ వెళ్లారు. నేనూ వెళ్లాను. అరచేతులు బొబ్బలెక్కి మూడో రోజుకి రంపం పిడికి గుడ్డ చుట్టుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఆ బృందం చెదరలేదు. అరసవల్లి రథసప్తమికి క్యూలైన్ల దగ్గర మజ్జిగ పోస్తారు. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను సంబరానికి వెళ్లి తప్పిపోయిన పిల్లల్ని తల్లుల దగ్గరికి చేరుస్తారు.

తాళ్లు, రంపాలు, టార్చిలైట్లు పెట్టుకోవడానికి ఒక గది ఇప్పించమని అడిగాం. రిజిస్ట్రేషన్ ఉందా అన్నారు, సొసైటీల చట్టం కింద చేయించుకున్నాం. తీర్మానం కావాలన్నారు, అదీ ఇచ్చాం. ఫైలు కదల్లేదు. సామాను ఒక కుర్రాడి ఇంటి వసారాలో తుప్పు పడుతోంది. మా వార్డులోనే కమ్యూనిటీ హాలు ఉంది, తాళం ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పరు. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘాల ఆడవాళ్లు నెలనెలా రామాలయం అరుగు మీద కూర్చుని లెక్కలు చూసుకుంటారు. వానొస్తే పుస్తకాలు చీర కొంగు కింద దాచుకుని లేచిపోతారు. మీటింగుకి జనం కావాలంటే మాత్రం మొదటి ఫోను వాళ్లకే.

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని ప్రతి మున్సిపాలిటీకీ ఒక తేదీ పెట్టి ఉత్తర్వు పంపండి. ఆ తేదీలోగా వీధి వ్యాపారుల ఎన్నిక జరిపి వెండింగ్ కమిటీ మొదటి సమావేశం పెట్టాలి. సమావేశంలో ఏం అనుకున్నారో తెలుగులో రాసి ఆఫీసు గోడకి అంటించాలి. వ్యాపారుల హక్కుల పత్రం ప్రచురించాలని, సోషల్ ఆడిట్ జరగాలని 26వ సెక్షన్ ఎలాగూ చెబుతోంది. సరుకు ఎత్తుకెళ్లే ట్రాక్టర్‌లో ఒక రసీదు పుస్తకం ఉండాలి. ఆశీలు చీటీ ఇచ్చిన చోట అదే రోజు ట్రాక్టర్ రాకూడదు. కమ్యూనిటీ హాలు తాళం వార్డు సచివాలయంలో ఉంచి, పొదుపు సంఘాలకీ సేవా బృందాలకీ రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని ఇవ్వాలి.

మా బజారు వాళ్లు గొడవ చేసేవాళ్లు కారు. ట్రాఫిక్‌కి అడ్డమైతే జరుగుతారు, గీత గీసి చూపిస్తే గీత లోపలే కూర్చుంటారు. ఆ గీత ఎక్కడ గీయాలో తమనీ ఒక మాట అడగమంటున్నారు, అంతే.

అప్ప ఇప్పుడూ వస్తోంది. పోయిన రాయి బదులు కొత్త అరకిలో రాయి కొనుక్కుంది. ట్రాక్టర్ చప్పుడు వినిపిస్తే చాలు, ముందు కాటా తీసి ఒళ్లో పెట్టుకుంటుంది.

మీ ఉత్తర్వు వచ్చి, కమిటీ సభ్యుల పేర్లు మా ఆఫీసు బోర్డు మీద అంటించిన రోజు నాకు ఆ కాగితం ఒక్కటి ఇప్పించండి చాలు. జిరాక్సులు నా ఖర్చుతో తీసి, బజారులో ప్రతి బండికీ ప్రతి గంపకీ నేనే తిరిగి పంచుతాను.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక చిరు వ్యాపారి