కృష్ణ దాటితే పైసలు మారేవి: రిజర్వు బ్యాంకు గవర్నర్ గారికి మిర్యాలగూడ గుమాస్తా బహిరంగ లేఖ

భారత రిజర్వు బ్యాంకు గవర్నర్ గారికి,
ముంబై.

నమస్కారం అండీ.

నేను నల్లగొండ జిల్లా మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో 22 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఈ మధ్య మా మిల్లు వాట్సాప్ గ్రూపులో రోజుకొకరు "డాలర్ పని అయిపోయింది" అని ఏదో ఒక వీడియో పెడుతున్నారు. హమాలీ మేస్త్రి దగ్గర్నుంచి మా సేటు దాకా అందరికీ దీని మీద గట్టి అభిప్రాయమే ఉంది. నా దగ్గర మాత్రం ఒక కాగితం ఉంది. దాన్ని మీకు చూపించాలనే ఈ ఉత్తరం.

అది బ్యాంకు వాళ్లు ఇచ్చిన అడ్వైజ్ కాగితం, అంటే ఎంత డబ్బు ఏ రేటున జమ అయిందో చెప్పే చీటీ. మామూలుగా మేం ఉప్పుడు బియ్యం కాకినాడ పార్టీలకు ఇస్తాం, వాళ్లు ఓడ ఎక్కిస్తారు. విదేశీ లెక్కల తలనొప్పి అంతా వాళ్లదే. 2024 అక్టోబరులో కేంద్రం ఉప్పుడు బియ్యం మీద ఎగుమతి సుంకం ఎత్తేసింది కదా, ఆ ఊపులో మా సేటు కొడుకు "ఈసారి మనమే పంపుదాం" అన్నాడు. పశ్చిమ ఆఫ్రికాలో బెనిన్ అనే దేశం, కొటోనూ రేవు. 5 కంటెయినర్లు, 125 టన్నులు, టన్నుకు 440 డాలర్లు. మొత్తం 55,000 డాలర్లు.

డబ్బు వచ్చిన రోజు టీవీలో డాలర్ 84 రూపాయల 40 పైసలు. మా కాగితం మీద 83 రూపాయల 75 పైసలు. తేడా 65 పైసలే కదా అనిపిస్తుంది. క్యాలిక్యులేటర్ మీద కొట్టి చూస్తే 35,750 రూపాయలు. నా నెల జీతం కన్నా ఎక్కువ. బ్యాంకుకు వెళ్లి అడిగితే కౌంటర్ దగ్గరున్న కుర్రాడు పాపం మర్యాదగానే చెప్పాడు. "కార్డు రేటు సార్, పైనుంచి వస్తది. మా చేతిలో ఏం లేదు." కార్డు రేటు అంటే బ్యాంకు ఆ రోజుకు తానే పెట్టుకున్న రేటు. దానికి తోడు దారిలో న్యూయార్క్‌లోని ఏదో బ్యాంకు 40 డాలర్లు కోసుకుంది. మా బియ్యం అమెరికా మొహం చూడలేదు. డబ్బు మాత్రం అక్కడ దిగి వచ్చింది.

కొనేవాడి వైపు కూడా చూడండి. బెనిన్‌లో నడిచేది సీఎఫ్ఏ ఫ్రాంక్. దాన్ని యూరోకి కట్టేశారు, ఒక యూరోకి 655.957 ఫ్రాంకులు. ఆయన ఫ్రాంకులు యూరో లెక్కలో డాలర్లు అయ్యాయి, డాలర్లు మా దగ్గర రూపాయలు అయ్యాయి. మారిన ప్రతి చోటా ఎవడో ఒకడు కొంత మిగుల్చుకున్నాడు. అమ్మింది మేం, తిన్నది వాళ్లు, మధ్యలో ఇంత సంతర్పణ.

ఈ లెక్క మా సేటుకు చెబుతుంటే నాకు మా తాత గుర్తొచ్చాడు. మాది దామరచర్ల దిక్కు పల్లె. మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గర నది దాటితే అవతల పల్నాడు. ఇవతల నిజాం రాజ్యం, అవతల ఇంగ్లీషోడి రాజ్యం. ఇవతల చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా, అవతల కల్దార్ రూపాయి. 100 కల్దార్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల (అణాకు 12 పైలు) హాలీ అని లెక్క. తాత ఎడ్లు కొనడానికి పల్నాడు పోయేవాడట. రేవు దగ్గర గుడ్డ పరుచుకుని కూర్చున్న సాహుకారు 100 కల్దార్ కావాలంటే 118 హాలీ అడిగేవాడట. ఎందుకంటే వట్టం అనేవాడట, అంటే డబ్బు మార్చినందుకు కోత. మిగిలిన కల్దార్ తిరిగొచ్చేటప్పుడు హాలీ చేసుకుంటే మళ్లీ వట్టం. "ఏరు దాటితే పైసలు మారుతయి బిడ్డా, ఏరు కన్నా ముందు ఆ సాహుకారు ముంచుతడు" అని నవ్వేవాడు. హాలీ సిక్కా 1950లలో పోయింది. సాహుకారు గుడ్డ మాత్రం ఇంకో చోట పరిచారు. అంతే తేడా.

మీ దగ్గర ఉన్న లెక్కలు నాకన్నా మీకే బాగా తెలుసు. అయినా వాట్సాప్ వీడియోలు చూసే మా వాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రపంచ దేశాల కేంద్ర బ్యాంకులు దాచుకున్న విదేశీ నిల్వల్లో డాలర్ వాటా 1999లో దాదాపు 71 శాతం, 2024 చివరికి దాదాపు 58 శాతం. తగ్గిన మాట నిజం. కానీ 2022లో జరిగిన అంతర్జాతీయ లెక్క ప్రకారం కరెన్సీల మారకంలో నూటికి 88 లావాదేవీల్లో ఒక వైపు డాలరే ఉంది. మన రూపాయి ఉన్నవి 1.6 మాత్రమే. ఇంత తేడా పెట్టుకుని పని అయిపోయింది అనడం, నారు పోయకుండానే కోత కూలీల్ని పిలిచినట్టు.

దేశాలు పక్కకు జరగాలనుకోవడానికి కారణం లేకపోలేదు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ కలిసి రష్యా నిల్వలు దాదాపు 30,000 కోట్ల డాలర్లు స్తంభింపజేశాయి. దేశాల మధ్య బ్యాంకులు కబుర్లు పంపుకునే స్విఫ్ట్ నుంచి ఆ దేశపు పెద్ద బ్యాంకులను తీసేశాయి. అది చూసి "రేపు మన వంతు వస్తే?" అని ప్రతి దేశమూ అనుకుంది. మీరూ అనుకునే ఉంటారు, లేకపోతే 2025 మార్చి చివరికి రిజర్వు బ్యాంకు బంగారం 879 టన్నులు దాటేది కాదు. ఇంకోవైపు, మనం, రష్యా, చైనా లాంటి వాళ్లం ఉన్న బ్రిక్స్ కూటమి దేశాలు సొంత కరెన్సీ తెస్తే 100 శాతం సుంకం వేస్తానని ట్రంప్ 2024 నవంబరులోనే బెదిరించాడు. డాలర్‌ను తప్పించడం మన విధానం కాదని విదేశాంగ మంత్రి హోదాలో జైశంకర్ గారు చెప్పారు. ఆ మాటతో నాకు పేచీ ఏం లేదు. డాలర్‌తో కొట్లాడమని మిమ్మల్ని అడగడం లేదు. వట్టం ఎవడు కడుతున్నాడో చూడమంటున్నాను.

2022 జులై 11న మీ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఎగుమతి, దిగుమతి బిల్లులు రూపాయల్లోనే రాసుకోవచ్చు, విదేశీ బ్యాంకులు మన బ్యాంకుల్లో ప్రత్యేక రూపీ వోస్ట్రో ఖాతాలు తెరుచుకోవచ్చు అని. మంచి పని. ఆ తర్వాత 2023 ఆగస్టులో ఇండియన్ ఆయిల్ అబుదాబి నుంచి 10 లక్షల బ్యారెళ్ల చమురు రూపాయలిచ్చి కొన్నది. పేపర్లో చదివి నేను నిజంగా సంతోషపడ్డాను. దుబాయ్ వాళ్లకు మన రూపాయి కొత్తేం కాదు. 1959 నుంచి గల్ఫ్ కోసం రిజర్వు బ్యాంకే వేరే రూపాయి నోట్లు అచ్చు వేసింది. కువైట్, ఖతర్, దుబాయ్‌లలో అవే నడిచాయి. 1961లో కువైట్ సొంత దినార్ తెచ్చుకుంది. 1966 జూన్ 6న మనం రూపాయి విలువ తగ్గించాం, డాలర్ 4 రూపాయల 76 పైసల నుంచి ఒక్క రోజులో ఏడున్నర రూపాయలకు పోయింది. దాంతో ఖతర్, దుబాయ్ కూడా చేతులు దులుపుకున్నాయి. జేబులో పెట్టుకుని పడుకున్న డబ్బు తెల్లారేసరికి మూడో వంతుకు పైగా కరిగితే ఎవరు మాత్రం ఉంచుకుంటారు? ఇప్పటికీ ఆ అనుమానం అవతలివాడికి ఉంటుంది. 2022లో డాలర్ 80 రూపాయలు దాటితే గగ్గోలు పెట్టాం. 2025 డిసెంబరులో 90 కూడా దాటింది. రూపాయల్లో డబ్బు పెట్టుకోండి అని బెనిన్ పార్టీకి నేను ఏ మొహంతో చెప్పాలి?

రష్యా సంగతే చూడండి. చమురు మనం బాగా కొన్నాం, మన దగ్గర వాళ్లు కొన్నది తక్కువ. మన బ్యాంకుల్లో వందల కోట్ల రూపాయలు పేరుకుపోయాయి, వాటిని ఎలా వాడుకోవాలన్నదే సమస్య అని రష్యా విదేశాంగ మంత్రి లావ్‌రోవ్ 2023 మేలో గోవా వచ్చి మరీ చెప్పిపోయాడు. గోదాములో బియ్యం నిండా ఉండి లారీ రాకపోతే ఏమవుతుందో మాకు తెలుసు, ముక్కిపోతుంది. ఇరాన్‌తో అంతకు ముందు రివర్స్‌లో జరిగింది. యూకో బ్యాంకులో రూపాయల ఖాతా పెట్టి చమురు డబ్బు అందులో వేస్తే, వాళ్లు ఆ రూపాయలతో మన బాస్మతి, టీ కొనేవారు. 2019లో మనం చమురు కొనడం ఆపేశాం, ఆ ఖాతా ఎండిపోతూ వచ్చింది, పంజాబ్, హర్యానా బియ్యం వ్యాపారులు డబ్బు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. రూపాయి వ్యాపారం నడవాలంటే సంతకాలు చాలవు, అటు నుంచి ఏదో ఒకటి రావాలి, ఇటు నుంచి ఏదో ఒకటి పోవాలి.

మా విషయంలో అటూ ఇటూ రెండూ ఉన్నాయి. ఇది ఢిల్లీలో ఎవరైనా చూశారో లేదో కానీ, నాకు పలాస వెళ్లినప్పుడు తట్టింది. మా చెల్లెలి మామగారిది అక్కడ జీడిపప్పు ఫ్యాక్టరీ. షెడ్డులో ఒక పక్క స్థానిక గింజ, ఇంకో పక్క ఆఫ్రికా గింజ గోనె సంచుల్లో. సంచి మీద ఫ్రెంచి అక్షరాలు. ఎక్కడిది మామా అంటే ఐవరీ కోస్ట్ అన్నాడు. డబ్బు ఎట్లా కడతారు అంటే "డాలర్లే, ఇంకేంటి" అన్నాడు. రేటు పెరిగినప్పుడల్లా టెన్షనే అట. ఐవరీ కోస్ట్, బెనిన్ సహా 8 దేశాలకు ఒకటే ఫ్రాంక్, డకార్‌లో ఒకటే కేంద్ర బ్యాంకు. అంటే మిర్యాలగూడ బియ్యం అటు పోతుంది, వాళ్ల జీడి గింజ పలాస వస్తుంది. నేను డాలర్లు అమ్మి వట్టం కడుతున్నా, మా చెల్లెలి మామ డాలర్లు కొని వట్టం కడుతున్నాడు. జీడి గింజ డబ్బు రూపాయల్లో ఒక వోస్ట్రో ఖాతాలో పడితే, అదే రూపాయలతో బియ్యం కొనేవాడు బియ్యం కొనుక్కుంటాడు. చివరికి మిగిలిన తేడా మాత్రమే డాలర్లలో సర్దుకోవచ్చు. గింజ అమ్మినవాడికి డీజిల్ కొనడానికి డాలర్లే కావాలనిపించొచ్చు, కాదనను. కానీ ఆ బేరం ఎవరైనా కూర్చుని మాట్లాడాలి కదా. మిల్లు గుమాస్తా డకార్ వెళ్లి మాట్లాడలేడు.

అంత దూరం పోకముందే మీ చేతిలో ఉన్న పనులు ఉన్నాయి. చిన్న వ్యాపారికి మార్కెట్ రేటు కళ్లతో కనపడాలని 2019 ఆగస్టులో క్లియరింగ్ కార్పొరేషన్ ద్వారా ఎఫ్ఎక్స్ రిటైల్ అని ఒక వేదిక పెట్టారు. బ్యాంకు తన ఫీజు ముందే చెప్పి విడిగా తీసుకోవాలి, రేటులో కలిపి దాచకూడదు. దాని సంగతి నేను తెలుసుకుని మా బ్రాంచిలో అడిగితే, "అది పెద్ద కంపెనీలకు సార్" అన్నారు. ఎవరి కోసం పెట్టారో వాళ్ల ఊరి బ్రాంచికే తెలియదు! ఆ కుర్రాణ్ని నేను తప్పు పట్టను. అతని బల్ల మీద పంట రుణాల ఫైళ్లు, బంగారం లోన్ల ఫైళ్లు నడుం ఎత్తు ఉంటాయి. జిల్లాకు కనీసం ఒక్క బ్రాంచిలో ఈ పని తెలిసిన ఒక్క మనిషిని కూర్చోబెట్టమని బ్యాంకులకు చెప్పండి. అడ్వైజ్ కాగితం మీద ఆ గంటలో మార్కెట్ రేటు ఎంత, మాకు ఇచ్చింది ఎంత, మధ్యలో మీరు ఉంచుకున్నది ఎంత అని మూడు వరసలు అచ్చు వేయించండి. కరెంటు బిల్లు మీద సర్‌చార్జి వేరే కనపడటం లేదా?

ఇవన్నీ ఎందుకు ఇప్పుడు అంటారేమో. 2025 మార్చి 31న కాకినాడలో మన పౌర సరఫరాల మంత్రి ఉత్తమ్‌కుమార్ రెడ్డి గారు ఫిలిప్పీన్స్‌కు 12,500 టన్నుల తెలంగాణ బియ్యం ఓడకు జెండా ఊపారు. దాని తర్వాత మా ఊరి మిల్లర్లందరికీ నేరుగా పంపాలన్న ఆశ పుట్టింది. ఆశతో పాటు ఈ వట్టం కూడా ఇక మా నెత్తినే.

చివరగా ఒక చిన్న పని. బంగ్లాదేశ్ పార్టీ ఒకటి ఉప్పుడు బియ్యం అడుగుతోంది. వాళ్ల దగ్గర డాలర్ల కరువు, "రూపాయల్లో అయినా సరే" అన్నారు. ఆ దేశంతో రూపాయి వ్యాపారం 2023 జులైలోనే మొదలైంది కదా అని మా బ్రాంచికి వెళ్లాను. పైన అడిగి చెబుతాం అన్నారు. మూడు వారాలైంది. ఇన్‌వాయిస్ అంతా రాసి పెట్టాను, కరెన్సీ అన్న చోట మాత్రం ఖాళీ వదిలాను. శుక్రవారం లారీలు వస్తాయి.

ఇట్లు,
ఒక రైస్ మిల్లు గుమాస్తా,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా.