శుక్రవారం కుస్‌కుస్

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో విదేశీ వంటలంటే పిజ్జా, పాస్తాల దగ్గరే ఆగిపోతున్నారు. మొరాకో భోజనం గురించీ రాయండి. మా అబ్బాయి ఉద్యోగం కాసాబ్లాంకాలో. ఈమధ్య మేం వెళ్లినప్పుడు ఫెజ్ పాతబస్తీలో వాళ్ల స్నేహితుల ఇంట్లో శుక్రవారం భోజనానికి పిలిచారు. మధ్యాహ్నం నమాజు అయ్యాక అక్కడ చాలా ఇళ్లలో గోధుమ రవ్వతో చేసే కుస్‌కుస్సే.

ముందు ఇత్తడి చెంబు, పళ్లెం తెచ్చి, కూర్చున్నచోటే అందరి చేతులూ కడిగించారు. నడుమ ఒకటే పెద్ద పళ్లెం. గుట్టగా కుస్‌కుస్, మీద గుమ్మడి, క్యారెట్, శనగలు, మధ్యలో మాంసం. ఎవరి ముందున్నది వాళ్లే తినాలి, అవతలివాళ్ల వైపు చెయ్యి చాచకూడదు. ఇంటి పెద్దావిడ కాస్త తీసుకుని, కుడి అరచేతిలో ఆడించి, గోలీలా చేసి నోట్లో వేసుకుంటుంటే చూస్తూ ఉండిపోయాను. మాకు చెంచాలు ఇచ్చారు లెండి.

అది చూడ్డానికి మన ఉప్మాలా ఉన్నా, ఎసట్లో వేసి ఉడికించరు. కూర ఉడుకుతున్న గిన్నె మీద చిల్లుల గిన్నె పెట్టి, ఆ ఆవిరికే రెండు మూడు దఫాలు ఉడికిస్తారు. మధ్యమధ్య పళ్లెంలో పోసి, నీళ్లు చిలకరించి చేత్తో విడదీస్తారు. అందుకే పలుకు పలుకూ విడివిడిగా ఉంటుంది. 2020లో యునెస్కో మొరాకో, అల్జీరియా, ట్యునీసియా, మారిటానియాల కుస్‌కుస్ సంప్రదాయాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

చివర్లో పుదీనా టీ. గ్లాసులోకి అంత ఎత్తునుంచి పోశారు, చుక్క ఒలకలేదు. చక్కెర మాత్రం మరీ ఎక్కువ!

ఒకే పళ్లెంలో కలిసి తినే అరబ్బీ వంటకం ‘మందీ’ అలవాటైన హైదరాబాద్‌కు ఇది కొత్తేం కాదు. మాంసం లేకుండా కూరగాయలతోనూ వండుతారు కాబట్టి, ఆ విధానం కూడా వేయగలరు.

— ఒక పాఠకురాలు, గుంటూరు